ఔటైన పిల్లలు పీరియడ్ అంతా ఏం చేస్తున్నారు?

ప్రైమరీ స్కూళ్లలో గేమ్స్ పీరియడ్ రాగానే తరచుగా జరిగేది రెండే. ఒక బంతి ఇచ్చి "వెళ్లి ఆడుకోండి" అనేయడం, లేదా ఔటైనవాళ్లు పోయి పక్కన కూర్చోవాల్సిన ఆట పెట్టడం. గ్రౌండంతా గోలగోలగా ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు అంతా బాగానే ఉందనిపిస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

ఆ ఆటల్లో అందరికంటే ముందు ఔటయ్యేది ఎవరు? సరిగా పరుగెత్తలేని పాప, బంతి మీదికొస్తే కళ్లు మూసుకునే బాబు. ఎవరికి ప్రాక్టీసు ఎక్కువ కావాలో వాళ్లే గోడవారగా కూర్చుంటారు. బాగా ఆడేవాళ్లు చివరిదాకా ఆడి ఇంకా మెరుగవుతారు. మొదటి లెక్క తప్పు చేసిందని ఒక పాపను పుస్తకం మూసేసి కూర్చోమంటే ఊరుకుంటామా? అమెరికాలో నీల్ విలియమ్స్ అనే వ్యాయామ విద్య ప్రొఫెసర్ 1992లోనే స్కూళ్లకు పనికిరాని ఆటలివి అని ఒక జాబితా ప్రచురించారు. బంతితో కొట్టి ఔట్ చేసే డాడ్జ్‌బాల్, కుర్చీలాట రెండూ అందులో ఉన్నాయి. ఇన్నేళ్లయినా అవే ఆడిస్తున్నారు.

అలాగని ఆటలు మానేసి వన్, టూ, త్రీ అంటూ చేతులు ఊపించమని కాదు. చిన్నపిల్లలకు ఆటతోనే నేర్పాలి. మార్చాల్సింది రూల్స్. పట్టుకునే ఆటలో దొరికిపోయిన పాప గీత దగ్గరికి వెళ్లి ఒంటికాలి మీద ఐదు గెంతులు గెంతి మళ్లీ ఆటలోకి రావచ్చు. ఎవరూ ఖాళీగా ఉండరు, పైగా బ్యాలెన్స్ కూడా వస్తుంది. 28 మందికి ఒకే బంతి ఇస్తే అది నలుగురైదుగురి కాళ్ల మధ్యే తిరుగుతుంది. నలుగురేసి ఏడు గుంపులు చేసి ఏడు బంతులివ్వండి. ముగ్గురు బంతి అందించుకుంటుంటే ఒకరు మధ్యలో అడ్డుకోవాలి. పట్టుకోలేకపోతున్నవాళ్లకు పెద్ద, మెత్తటి బంతి ఇవ్వండి. ఒకసారి నేలకు తగిలాక పట్టుకున్నా చాలు.

ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీకి చెందిన బంకర్, థోర్ప్ 1982లో ఒక పద్ధతి చెప్పారు. ముందు ఆట ఆడించు, ఆలోచింపజెయ్యి, అవసరమైనప్పుడు మెళకువ నేర్పు అని. వాళ్లు రాసింది హైస్కూళ్ల గురించి. కానీ చిన్న క్లాసుల్లో కూడా ఎంత బాగా పనిచేస్తుందో చూడండి. అడ్డుకునేవాడి వెనకాలే నిలబడి "నాకెవరూ బంతి ఇవ్వట్లేదు" అని ఏడుపుముఖం పెట్టిన పిల్లాడిని తిట్టక్కర్లేదు. ఆట ఒక్క నిమిషం ఆపి "నువ్వెక్కడ నిలబడితే వాళ్లకు కనిపిస్తావు?" అని అడిగితే చాలు. వాడే రెండడుగులు పక్కకు జరుగుతాడు. మరుక్షణం బంతి చేతిలో పడుతుంది. ఆ ముఖంలో వెలుగు చూడాలి!

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒంటికి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉన్న ఒక్క పీరియడ్‌లోనూ కూర్చోబెడితే ఎలా?

పోటీ వద్దా అని అడుగుతారు. ఉండనివ్వండి, గెలుపంటే పిల్లలకు ఇష్టమే. కానీ ఆట రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి, వెంటనే కొత్తది మొదలవ్వాలి. ఓడినవాళ్లకు దిగులుపడే తీరిక ఉండదు.

ఇంకోటి. ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి జట్టులోకి ఒక్కొక్కరినీ ఏరుకోమనడం దయచేసి ఆపేయండి. అందరూ చూస్తుండగా చివరిదాకా మిగిలిపోవడం ఏడేళ్ల పిల్లకు ఎంత అవమానమో ఆలోచించండి. జట్లు టీచరే ముందుగా రాసుకుని రావచ్చు, ఐదు నిమిషాల పని.