ఆపరేషన్ డేట్ వచ్చాక డబ్బు ఒక్కటే చూసుకుంటే చాలదు

ఒడిశాలో రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు ఇళ్ళల్లో పసిబిడ్డకి గుండెలో రంధ్రం ఉందని తెలిసిన రోజు నుంచి ఒకటే మాట, డబ్బు. బంగారం ఎక్కడ తాకట్టు పెట్టాలి, అప్పు ఎవరిస్తారు, ఎమ్మెల్యే లెటర్ దొరుకుతుందా. ఆ టెన్షన్ ఎవరికైనా తప్పదు. కానీ తీరా డేట్ వచ్చాక బిడ్డకి జలుబు చేసిందనో, కాగితాల్లో పేరు కలవలేదనో, ఆ పొద్దున ఎవరో పాలు పట్టేశారనో ప్రొసీజర్ ఆగిపోతే ఆ డబ్బు ఏం చేస్తుంది? బిడ్డని ఆ రోజుకి సిద్ధం చేయడం కూడా వైద్యంలో భాగమే, అది మన చేతిలో ఉన్న భాగం.

డబ్బుకి దారులున్నాయి. నవ రాయపూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆస్పత్రిలో పిల్లల గుండె ఆపరేషన్లు పూర్తిగా ఉచితం, రాయగడ నుంచి రాయపూర్‌కి నేరుగా రైలుంది. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి ఆ జాబితాలో ఉన్న వేరే రాష్ట్రాల ఆస్పత్రుల్లో కూడా కార్డు వాడుకోవచ్చు. అయితే బయల్దేరే ముందే ఫోన్ చేసి, మీ బిడ్డకి చేయాల్సిన ప్రొసీజర్ అక్కడ ఆ కార్డు మీద చేస్తారా అని అడగండి. సాలూరులోనో పార్వతీపురంలోనో ఉన్న మేనమామ "మా ఆరోగ్యశ్రీ కార్డులో పేరు ఎక్కించేద్దాం" అంటాడు, ప్రేమతోనే అంటాడు, కానీ ఒడిశా రేషన్ కార్డున్న కుటుంబం ఆ పని చేయకూడదు. మధ్యలో బయటపడితే నష్టపోయేది బిడ్డే. జనన ధ్రువపత్రంలో, తల్లి ఆధార్‌లో, కార్డులో పేర్లు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో డేట్ రాకముందే చూసుకోండి.

ఇక బరువు. గుండె జబ్బున్న పిల్లలు కాసేపు పాలు తాగేసరికి అలిసిపోతారు, నుదుటి మీద చెమట పడుతుంది, సగంలో వదిలేసి నిద్రపోతారు. పెద్దవాళ్ళు తల్లికి పాలు చాలడం లేదనుకుని ఆవుపాలలో నీళ్ళు కలిపి పడతారు. పొట్ట నిండుతుంది కానీ బరువు పెరగదు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి, అయినా పెరగకపోతే పాలలో ఏం కలపాలో డాక్టరే చెప్పాలి. గుండె మందు చుక్కలు కూడా బరువుని బట్టే ఇస్తారు కాబట్టి పాత చీటీ మీదే నెలలు లాగించొద్దు.

జలుబు గురించి మొహమాటం లేకుండా చెప్తాను. ఆపరేషన్ అనగానే పలకరింపులకి చుట్టాలందరూ దిగిపోతారు, అందులో ఒకరు దగ్గుతుంటారు. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ఇంటికి రావద్దని చెప్పండి, కోపం వస్తే రానివ్వండి. ముందే మొక్కు తీర్చేయాలని చైత్రంలో మజ్జిగౌరమ్మ గుడి రద్దీలోకి పసిబిడ్డని తీసుకెళ్ళడం కూడా వద్దు, మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు.

ఆ ముందు రాత్రి అసలు పరీక్ష. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో పాలుంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే సాధారణంగా తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బా పాలైనా ఆవుపాలైనా 6 గంటల ముందు ఆపమంటారు, మీకు మీ డాక్టరు చెప్పిన టైమే లెక్క. ఆఖరిసారి పాలు పట్టిన టైము ఫోన్‌లో రాసిపెట్టుకోండి, పొద్దున సిస్టర్ అడుగుతుంది. గుక్కపెట్టి ఏడుస్తుంటే అమ్మమ్మ చెంచాడు పంచదార నీళ్ళైనా పోద్దామంటుంది, ఆమెకి కారణం ముందే చెప్పి ఒప్పించాలి. కేసు ఆలస్యమైతే మాత్రం ఊరుకోకుండా వెళ్ళి అడగండి. ముఖ్యంగా ఒళ్ళు నీలం తిరిగే పిల్లల్లో ఒంట్లో నీళ్ళు తగ్గితే ప్రమాదం, అవసరమైతే సెలైన్ పెడతారు.

మొలతాడు, తాయెత్తు, కాళ్ళ కడియాలు ఇంట్లోనే తీసేయండి. కోత లేకుండా రంధ్రం మూసే పద్ధతిలో ట్యూబు వెళ్ళేది చాలామటుకు తొడ మొదట్లో రక్తనాళం నుంచి, అంటే సరిగ్గా మొలతాడు ఉండే చోటుకి కాస్త కింద. తర్వాత కొన్ని గంటలు ఆ కాలు కదలకుండా చూడాలి. ఛాతీ కోసి చేసిన ఆపరేషన్ అయితే కొన్ని వారాలు చంకల కింద పట్టుకుని ఎత్తకూడదు, తల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి వేసి ఎత్తాలి.

ఇవన్నీ ఒక్క కాగితం మీద పట్టే విషయాలు. పిల్లల్లో పుట్టుకతో వచ్చే జబ్బుల్ని ముందే కనిపెట్టడానికి 2013లో మొదలైన కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కే కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు రావాలి, జబ్బు కనిపెట్టిన పిల్లల్ని చూసుకోడానికే జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే ముందస్తు చికిత్స కేంద్రాలు పెట్టారు. జబ్బు కనిపెట్టి రిఫరల్ చీటీ చేతిలో పెడితే పని అయిపోయినట్టా? ఆ కేంద్రంలోనే ఒక మనిషి ఒడియాలోనో, తెలుగులోనో, కువిలోనో తల్లికి అర్థమయ్యేలా ఇవి చెప్పాలి, డేట్‌కి వారం ముందు ఫోన్ చేసి బిడ్డకి దగ్గుందా, బరువెంత, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని అడగాలి. దానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త మెషిన్ అక్కర్లేదు. మన జిల్లా కలెక్టర్లు తలుచుకుంటే ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు.