కాకి లెక్కన 2 గంటల 52 నిమిషాలు

మా బామ్మర్దికి లేహ్‌లో డ్యూటీ, ఆర్మీ. వాణ్ని ఒకసారి చూసొద్దామని అత్తామామకి ఎప్పట్నించో ఆశ. మొన్న చిత్తూరులో వాళ్లింట్లో కాఫీ తాగతా ఉంటే "ఆడికి పోవాలంటే ఎంతసేపు పడతాది అల్లుడా" అని మామ అడిగినాడు, నేను ఫోన్ తీసినా, నా కర్మ అక్కడే మొదలయింది.

ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చెప్పే సైటొకటి దొరికింది. తిరుపతి, లేహ్ అని కొడితే మ్యాపు మీద గీత గీసి 2,290 కిలోమీటర్లు, 2 గంటల 52 నిమిషాలు అని చూపించింది. రెండున్నర మూడు గంటలు అనుంటే డౌటొచ్చేదేమో, 52 నిమిషాలని అంత కచ్చితంగా చెప్తే ఎవడు నమ్మడు చెప్పండి. "పదికి రేణిగుంటలో ఎక్కితే ఒంటిగంటకి అన్నం మీ కొడుకు పక్కనే మామా" అనేసినా.

ఆ అన్నం మాట అనకుండా ఉండాల్సింది.

టికెట్లు చూసేటప్పుడు తెలిసింది, నేరుగా ఫ్లైటే లేదని. ఆ సైటు విమానం స్పీడు గంటకి 800 అనుకోని కిలోమీటర్లని దాంతో భాగిస్తాది, అంతే, ఫ్లైటుందా లేదా దానికి అనవసరం. కడప నించి రేణిగుంటకి కొట్టి చూసినా, 10 నిమిషాలంట! రాజంపేట, కోడూరు మీద మూడు గంటలు బస్సులో ఊగే మనం ఏమైపోవాల. సరే, హైదరాబాద్, ఢిల్లీ మీద బుక్ చేసినా. లేహ్ మూడు వేల మీటర్ల పైన ఉంది, గాలి పల్చన, మధ్యాన్నమైతే ఎండకి ఇంకా పల్చనై లోయలో ఈదురుగాలి లేస్తాది, అందుకే ఫ్లైట్లన్నీ దాదాపు పొద్దున్నే. అంటే రాత్రంతా ఢిల్లీ ఎయిర్‌పోర్టులో జాగారం. ఇదంతా మామకి రేపు చెప్దాం రేపు చెప్దాం అనుకుంటా బయల్దేరే రోజు వచ్చేసింది.

ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు, ఆయన దగ్గర టైము గురించి అబద్ధం దాగతాదా?

అత్త తెల్లారి నాలుక్కే లేచి రాగి సంగటి, నాటుకోడి పులుసు క్యారియర్‌కి ఎత్తింది, కొడుక్కి వేడిగా పెట్టాలని. కార్లో నిజం చెప్పినా. చంద్రగిరి దాటేదాకా ఎవరూ మాట్లాడలా. ఢిల్లీలో రాత్రి రెండుకి అత్త మూత తీసింది, పులుసు పులిసిపోయింది, సంగటితో కొడితే కొబ్బరికాయ పగిలేట్టుంది.

ఇల్లు వదిలిన 22 గంటలకి లేహ్‌లో దిగినాము. సీల్ చేసి తెచ్చిన మురుకుల ప్యాకెట్టు ఒకటే మిగిలింది, అది కూడా ఆ ఎత్తుకి బెలూన్ మాదిరి ఉబ్బిపోయి మా అత్త మూతి మాదిరే ఉంది (ఈ మాట ఆమెకి చెప్పొద్దు). పైగా రెండ్రోజులు రూములోంచి కదలకుండా రెస్ట్ తీసుకోవాలన్నారు, మామ వినకుండా గబగబా మెట్లెక్కి మూడో మెట్టు మీదే కూలబడినాడు.

రొప్పతానే అడిగినాడు, "అల్లుడా, తిరుగు ప్రయాణం ఎంతసేపు?"

ఫోన్ తీయబోయినా.

"వద్దులే నాయనా, స్టేజీలు చెప్పు, నేనే లెక్కేసుకుంటా."