కౌలు దర్శకులకూ కార్డులివ్వాలి

పెద్ద సంస్థల అండ లేకుండా చిన్న సినిమా తీసే స్వతంత్ర దర్శకుడు అనే ప్రాణిని ఇన్నాళ్ళుగా సినిమాటోగ్రఫీ శాఖ కింద ఉంచడం పాలనాపరమైన పొరపాటని, న్యాయంగా అతడు వ్యవసాయశాఖ కిందికి రావలసినవాడని ప్రభుత్వాలకు సవినయంగా మనవి చేస్తున్నాను. ఈ అభిప్రాయానికి నేను తొందరపడి రాలేదు. మా బావమరిది పదిహేడేళ్ళుగా ఈ సాగులోనే ఉన్నాడు. అతడి పెట్టుబడిలో కొంత భాగం మా ఆవిడ గాజుల రూపంలో వెళ్ళింది గనుక పంటను దగ్గరుండి పరిశీలించే హక్కు నాకు దఖలుపడింది.

కౌలు రైతుకు భూమి ఉండదు, ఇతడికి థియేటరు ఉండదు. తెలుగునాట చిన్న సినిమా విడుదల కావాలంటే హాలుకు వారం అద్దె ముందుగా కట్టాలి, దాని మీద ప్రొజెక్షన్ కంపెనీకి డిజిటల్ ఛార్జీలు కట్టాలి. ఆ ఛార్జీలు భరించలేమని 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు సినిమాలు ఆపేస్తే హాళ్ళు కొన్నాళ్ళు మూతపడ్డాయి. తరువాత అందరూ రాజీపడి తెరుచుకున్నారు, మావాడు కడుతూనే ఉన్నాడు. పల్లెల్లో కౌలుకు చేయడం వేరు, పంటలో వాటా ఇచ్చే పాలుకు చేయడం వేరు అన్న సంగతి అందరికీ తెలిసిందే. పెద్ద సినిమాలకు ఇకమీదట అద్దె కాదు, వసూళ్ళలో వాటా ఇవ్వండని హాళ్ళు నడిపే ఎగ్జిబిటర్లు 2025 మేలో పట్టుబట్టి, లేకుంటే జూన్ ఒకటి నుంచి హాళ్ళు మూసేస్తామన్నప్పుడు పరిశ్రమంతా అట్టుడికిపోయింది. వరి ఏపుగా ఉన్న చోట పాలు, బీడు పడిన చోట కౌలు కావాలనడం ఏ ఆసామికైనా సహజమే. ఆ చర్చల్లో మావాడి ఊసు రాలేదు; రావలసిన పని కూడా లేదు, ఎందుకంటే అతడి దగ్గర కౌలు విత్తుకు ముందే వసూలైపోతుంది.

కాగితాల విషయంలోనూ ఇద్దరిదీ ఒకటే జాతకం. మావాడి మొదటి సినిమాలో కథానాయకుడు రైతు, కాబట్టి ఒక ఎద్దు అవసరమైంది. తెర మీద జంతువు కనిపిస్తే జంతు సంక్షేమ మండలి అనుమతి పత్రం లేనిదే సెన్సారు ముందుకు సాగదు. ఆ మండలి కార్యాలయం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. జనగామ దగ్గరి పల్లెలో గడ్డి మేస్తున్న ఎద్దు ఆరోగ్యంగా ఉన్నదని పశువైద్యుడు రాసిచ్చిన పత్రం అక్కడిదాకా వెళ్ళి, ఆమోదముద్ర వేయించుకుని వచ్చింది. ఇక ఆ రైతు సినిమాలో రెండు చోట్ల బీడీ కాల్చాడు గనుక మొదట్లోనూ మధ్యలోనూ పొగాకు హెచ్చరికలు, పొగ వచ్చినంతసేపూ కింద అక్షరాలు వేయవలసివచ్చింది; విమర్శకుడొకరు ఆ అక్షరాలే సినిమాలో అన్నిటికంటే స్పష్టంగా ఉన్నాయని రాశారు. నిర్మాతతో మావాడికి ఒప్పంద పత్రం లేదు, నటులకు లేదు, కథ ఇచ్చిన మాస్టారికి లేదు. యూనిట్ మొత్తం మీద పక్కా కాగితాలున్నది ఆ ఎద్దుకే.

పొలం తిండి పెట్టనప్పుడు రైతు కూలికి పోతాడు. దర్శకుడు సీరియల్‌కు పోతాడు. దూరదర్శన్ రోజుల్లో సీరియల్ అంటే పదమూడు వారాలు. 1995లో ఈటీవీ వంటి ప్రైవేటు ఛానెళ్ళు తెలుగులోకి వచ్చి, ఆపైన డైలీ సీరియల్ స్థిరపడ్డాక అది ఏడాది పొడవునా దొరికే పని అయింది. ఉపాధి హామీకి ఏడాదికి ఇన్ని రోజులని పరిమితి పెట్టారు గాని దీనికి అదీ లేదు. అరగంట స్లాటుకు రోజుకు ఇరవై రెండు నిమిషాల సరుకు దిగాలి.

ఒకసారి కూలి ఎలా జరుగుతుందో చూద్దామని వెళ్ళాను. మణికొండ వైపు అద్దె బంగళా. ఆ రోజు సన్నివేశంలో అత్తగారు కోడలి చెంప మీద కొట్టాలి. స్క్రిప్టులో అది ఒక్క వాక్యం. మావాడు కాగితం తీసి లెక్క వేశాడు. కొట్టినావిడ, కొట్టించుకున్నావిడ, మామగారు, ఇద్దరు కొడుకులు, తోడికోడలు, ఆడపడుచు, పనిమనిషి, మెట్ల మీద కాఫీ కప్పుతో నిలబడ్డ పిన్నిగారు, వెరసి తొమ్మిది మంది. తలకు మూడు క్లోజప్పులు: ఒకటి మామూలు రంగులో, ఒకటి నలుపు తెలుపుల్లో, ఒకటి ఎర్రగా. క్లోజప్పుకు నాలుగు సెకన్ల వంతున నూట ఎనిమిది సెకన్లు. చెంపదెబ్బను మూడు వైపుల నుంచి తిరగేసి చూపిస్తే రెండు నిమిషాలు దాటుతుంది. "రేపటి ఎపిసోడ్ మొదట్లో మళ్ళీ ఇదే వేస్తాం బావగారూ, అంటే నాలుగు గట్టెక్కినట్టే" అన్నాడు. అతడి ముఖంలో, నాట్లు పూర్తయిన మడి గట్టున నిలబడ్డ మనిషి తృప్తి కనిపించింది. పిన్నిగారి కప్పులో కాఫీ లేదు. అరగంటగా ఆవిడ ఖాళీ కప్పునే ఊదుకుంటూ ఆశ్చర్యపోతున్నారు.

మావాడి సొంత సినిమాలో రైతు ఆకాశం వైపు నాలుగు నిమిషాలపాటు కట్ లేకుండా ఎందుకు చూశాడో నాకు ఆ రోజే అర్థమయింది. దాన్ని కళ అనుకున్నవాళ్ళు అనుకోవచ్చు. నాకది కూలి మనిషి తీసుకున్న సెలవులా తోచింది.

పురస్కారాలు లేవా అంటారేమో. ఉన్నాయి. బి. నర్సింగరావు గారి ‘దాసి’కి 1988 సంవత్సరానికిగాను ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి, అర్చన ఉత్తమ నటి అయ్యారు. అంత గౌరవం పొందిన దర్శకుడు తీసిన కథాచిత్రాలను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు సరిపోతాయి. ఉత్తమ రైతుకు శాలువా కప్పుతారు; ఆ శాలువాను విత్తనాల దుకాణంలో తాకట్టు పెట్టుకోరు.

మార్కెట్ యార్డూ ఉంది. ఎన్‌.ఎఫ్‌.డి.సి. అనే కేంద్ర ప్రభుత్వ చలనచిత్రాభివృద్ధి సంస్థ వారు 2007 నుంచి గోవాలో ఫిల్మ్ బజార్ నడుపుతున్నారు. మావాడు అక్కడికి ధాన్యం తోలుకెళ్ళాడు. యార్డులో వ్యాపారి గింజ కొరికి తేమ ఎక్కువుందంటాడు. ఇక్కడ కొనుగోలుదారు మొదటి ప్రశ్నగా హీరో ఎవరని అడుగుతాడు. ఓటీటీ వారు మరికాస్త మర్యాదస్తులు. ముందు థియేటర్లో వేసుకుని రండి, ఆ తరువాత చూద్దామన్నారు.

అలా వేసుకున్న శుక్రవారం నాకు బాగా గుర్తుంది. ఉదయం పదింటికి ఫోను: "బావగారూ, టికెట్లు తెగకపోతే షో ఎత్తేస్తారట, ఓ పది తీసుకోండి." తీసుకున్నాను. హాల్లో పద్నాలుగు మందిమి కూర్చున్నాం. పదకొండుగురం పెళ్ళిళ్ళలో పక్కపక్కన భోంచేసేవాళ్ళమే. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు ఏసీ కోసం వచ్చిన ప్రేమికులు. మూడో ఆయన ఆసాంతం కదలకుండా చూశాడు. మావాడు పరుగున వెళ్ళి చేతులు పట్టుకుంటే, ఆయన పక్క హాల్లో పెద్ద సినిమాకు టికెట్ కొని పొరబాటున ఇటు వచ్చానని, మొదట్లోనే తెలిసినా లేచి వెళితే ఎవరో బాధపడేలా ఉన్నారనిపించి ఉండిపోయానని చెప్పాడు. మావాడు ఇప్పటికీ ఆయన్ని ప్రేక్షకుడిగానే లెక్కవేస్తాడు. సోమవారానికి పంట నష్టం ఖరారైంది గాని అంచనా వేయడానికి ఏ అధికారీ రాలేదు.

కాబట్టి నేను కోరేది పెద్దదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చేందుకు చట్టం చేశారు. దాన్నే స్వతంత్ర దర్శకులకు వర్తింపజేసి, మద్దతు ధర ప్రకటించి, బీమా కల్పిస్తే చాలు. కార్డు పుచ్చుకుని బ్యాంకుకు వెళ్ళిన కౌలు రైతులెందరికి అప్పు పుట్టిందని కొందరు అడగవచ్చు. పుట్టకపోయినా ఫర్వాలేదు, పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు అబ్బాయి ఏం చేస్తుంటాడని అడిగితే చూపించడానికి ఒక కార్డంటూ ఉంటుంది.

ఈ వ్యాసం ముగిస్తుండగా మావాడు ఫోన్ చేశాడు. కొత్త కథ కుదిరిందట, వానాకాలంలోనే మొదలుపెట్టాలట, ఇందులోనూ రైతే. ఆ ఎద్దు ఇప్పుడు ఎవరి దగ్గరుందో కనుక్కోమన్నాడు.