ముద్ద దిగకపోతే గ్యాస్ అనుకుంటే చాలదు, అన్నవాహిక నుంచి ముక్కలు తీసి కణాలు లెక్కపెట్టాలి

మా అన్నయ్య కొడుక్కి అన్నం తినడానికి ముప్పావు గంట పట్టేది. ముద్దముద్దకీ నీళ్లు తాగేవాడు. ఇడ్లీ సాంబారులో బాగా నానితేనే తినేవాడు, చికెన్ ముక్క ముట్టేవాడే కాదు. నిదానస్తుడని ఇంట్లో మురిసిపోయేవాళ్లం. ఒక పెళ్లిలో ముక్క అడ్డం పడి, తాగిన నీళ్లు కూడా వెనక్కి వచ్చేసరికి హడలిపోయి గుంటూరులో ఎండోస్కోపీ చేయించాం. పరీక్షకని అన్నవాహిక అడుగు పొర నుంచి ఒకే ఒక్క కణజాలం ముక్క తీశారు (దీన్నే బయాప్సీ అంటారు). రిపోర్టులో ఉన్నది ఒక్క వాక్యమే: దీర్ఘకాలిక వాపు, ప్రత్యేకించి ఏమీ లేదు. గ్యాస్ మాత్రలు రాసి పంపించారు.

గుంటూరులో ఛాతీలో మంటన్నా, ముద్ద దిగడం లేదన్నా అందరి వేలూ ముందు మిరపకాయ వైపే చూపిస్తుంది. కానీ వాడికి ఉన్నది ఇసినోఫిలిక్ ఇసోఫెజైటిస్, అంటే అన్నవాహికకు వచ్చే అలర్జీ వాపు. ఆస్తమా, తుమ్ములు, చర్మ అలర్జీ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ముఖ్యంగా పడనివి పాలు, గోధుమ, గుడ్డు, సోయా, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, చేపలు, రొయ్యలు. ఆ వరుసలో మిరప లేదు. 1993, 94 సంవత్సరాల్లో వచ్చిన వ్యాసాలతోనే వైద్యులు దీన్ని విడి జబ్బుగా గుర్తించడం మొదలైంది.

దీన్ని తేల్చేది కణజాలమే. ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక పొరలో ఉండవు. మైక్రోస్కోప్‌లో పెద్దది చేసి చూసినప్పుడు, అవి బాగా గుంపుగా ఉన్న చోట ఒక్క ఫీల్డులో (ఒకసారికి కంటికి కనిపించే గుండ్రటి మేరలో) 15 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే ఈ జబ్బును అనుమానించాలి. ఎర్రగా రంగు పట్టే కణాలు కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు. చిక్కల్లా అవి నాళమంతా సమంగా పరుచుకోకపోవడంలోనే ఉంది. ఒకచోట కిక్కిరిసి ఉంటాయి, పక్కనే ఒక్కటీ ఉండదు. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒక్క ముక్కతో దొరికిన కేసులు 55 శాతమే. అయిదు ముక్కలు తీస్తే అన్నీ దొరికాయి. అందుకే కనీసం ఆరు ముక్కలు, నాళంలో రెండు వేర్వేరు ఎత్తుల నుంచి తీయాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైకి మామూలుగా కనిపించినా సరే తీయాలి. ఒక్కో ముక్క నువ్వుగింజంత ఉంటుంది.

పేషెంటు అప్పటికే గ్యాస్ మాత్రలు మింగుతూ ఉంటే లెక్క ఇంకా తప్పుతుంది. ఆ మాత్రలకే చాలామందిలో ఈ కణాలు తగ్గిపోతాయి. బయాప్సీకి కనీసం మూడు వారాల ముందు వాటిని ఆపాలని బ్రిటన్ మార్గదర్శకాలు అంటున్నాయి. మన దగ్గర మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టే మాత్రలివి. కాబట్టి ఎండోస్కోపీకి ముందే 'ఏం వాడుతున్నారు' అని అడిగి తీరాలి.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మైక్రోస్కోప్ సంగతి. 'ఫీల్డు' అంటే అన్ని ల్యాబుల్లో ఒకటే అనుకున్నాను. 40 రెట్ల లెన్స్ మీద 18 నంబరు ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే కనిపించే మేర 0.16 చదరపు మిల్లీమీటర్లు. అదే 22 నంబరు పెడితే 0.24. అదే స్లైడును విజయవాడ సూర్యారావుపేటలో చూసి 12 అనొచ్చు, గుంటూరు కొత్తపేటలో చూసి 18 అనొచ్చు. ఒక చోట జబ్బు లేనట్టు, ఇంకో చోట ఉన్నట్టు. చదరపు మిల్లీమీటరుకు లెక్కగడితే రెండూ 75 దగ్గరే తేలతాయి. హద్దు 60. ఇది సరిచేయడానికి కొత్త మిషను అక్కర్లేదు. రిపోర్టులో ఆ అంకె చదరపు మిల్లీమీటరుకు ఎంతో రాస్తే చాలు.

అంకె ఒక్కటే సరిపోదన్నదీ నిజమే. అడుగు పొర మందమవడం, కణాల మధ్య ఖాళీలు పెరగడం, కింది పొర గట్టిపడటం వంటి ఎనిమిది లక్షణాలకు మార్కులేసే పద్ధతి 2017లో వచ్చింది. గట్టిపడటం కనిపించిందంటే నాళం ఇరుకయ్యే ప్రమాదం ఉన్నట్టే. బిజీ ల్యాబులో ప్రతి స్లైడుకూ ఎనిమిదీ రాయమనడం అత్యాశేమో, నేను అంతదూరం వెళ్లను. కానీ 'వాపు ఉంది' అని వదిలేయడం మాత్రం ఒప్పుకోలేను. స్లైడు చూసి రిపోర్టు రాసే పెథాలజిస్టుల మీదే తప్పు మోపడమూ సరికాదు. ఫారంలో 'నొప్పి' అని ఒక్క మాట రాసి ముక్కలున్న సీసా పంపిస్తే, ఏం వెతకాలో వాళ్లకెలా తెలుస్తుంది? 'ముద్ద అడ్డం పడుతోంది, ఆస్తమా ఉంది, మాత్రలు ఆపాం' అని రాయాలి. పై ముక్కలు ఒక సీసాలో, కింది ముక్కలు ఇంకో సీసాలో వేసి పంపాలి. బిల్లు కొంచెం పెరుగుతుంది. పిల్లాడికి మళ్లీ గొట్టం వేయించడంతో పోలిస్తే అదెంత?

మావాడికి రెండోసారి వేయించక తప్పలేదు. ఈసారి రెండు సీసాలు, ఆరు ముక్కలు. కింది సీసాలో ఇసినోఫిల్స్ అయిదారు, పై సీసాలో నలభై పైనే. ఇప్పుడు పాలు, పెరుగు మానేశాడు. మొన్న మా ఇంట్లో పూరీ తిన్నాడు, నీళ్ల గ్లాసు నిండుగా అలాగే ఉంది.