మహారాజశ్రీ శిలాఫలకం గారికి

పుంత, అదే మా పొలాల్లోకి పోయే మట్టిదారి, బాగుచేసేవాళ్ళలో ఒకడు నమస్కరించి రాసుకునే ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం, నడుము నొప్పులు మినహా. తమరు క్షేమమేనని రోజూ చూస్తూనే ఉన్నాం. నల్ల గ్రానైటుకి ఏమవుతుంది గనక. ఉభయకుశలోపరి.

తమరు మా ఊరి చివర, పుంత మొదట్లో, రావిచెట్టు నీడన కొలువుదీరి ఏడేళ్ళు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. మీద 'నడక, సైకిలు బాట ప్రారంభోత్సవం' అని బంగారు రంగు అక్షరాలు. కింద పదకొండు పేర్లు. ప్రోటోకాల్ ప్రకారం పెద్దవాళ్ళ దగ్గర మొదలై దిగుతూ, దిగుతూ, ఆఖరాయన దగ్గరికొచ్చేసరికి అక్షరాలు చీమల బారులా అయిపోయాయి. పాపం, ఆయన పేరు చదవాలంటే ఇప్పటికీ వంగాలి. కొబ్బరికాయ కొట్టిన రోజు నేనూ ఉన్నానండోయ్. చప్పట్లూ కొట్టాను, బూందీ పొట్లమూ తీసుకున్నాను. ఆ ఏడు వానాకాలం వెళ్ళేసరికి బాట కాస్తా పక్కనున్న బోదెలోకి, అంటే చిన్న పంటకాలువలోకి, జారిపోయింది. తమరు మాత్రం అంగుళం కదల్లేదు. బాట మీద పోసింది చెరువు మట్టి, మీ కాళ్ళ కింద పోసింది కాంక్రీటు. ఏది ఎంతకాలం ఉండాలో ఎస్టిమేటు రాసినాయనకి ముందే తెలుసన్నమాట.

మిమ్మల్ని దెప్పడానికి కాదు ఈ ఉత్తరం. ఓ చిన్న విన్నపం ఉంది. దానికి ముందు కొంచెం సోది వినాలి. మీకెలాగూ తొందర లేదు.

మా ఊళ్ళో ఓ పదిహేను మందికి గేర్ల సైకిళ్ళున్నాయి. లావు టైర్లు, ముందు చక్రానికి షాకబ్జర్లు. వీటి పేరు మౌంటెన్ బైకు. కొండెక్కడ్రా అని అడక్కండి, ఇంట్లోవాళ్ళు ఇప్పటికే అడిగారు. కోనసీమలో మాకున్న కొండ ఏటిగట్టే. అది ఎక్కాక ఇంకా పైకి పోవాలంటే కొబ్బరిచెట్టు ఎక్కాలి.

ఈ సైకిలు పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియా మారిన్ కౌంటీ కొండల్లో. అక్కడి కుర్రకారు పాత లావు టైర్ల సైకిళ్ళేసుకుని మట్టిదారుల్లో కొండ మీంచి కిందికి పడేవాళ్ళు. 1976లో దాన్ని పందెం చేశారు. కిందికి చేరేసరికి వెనక చక్రం బ్రేకులోని గ్రీజంతా కాలి పొగైపోయేదట. మళ్ళీ గ్రీజు కూరితేనే ఇంకో పరుగు. అందుకే ఆ పందానికి 'రీప్యాక్' అని పేరు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్‌లోకి ఎక్కింది ఈ ఆట. అదే ఏడాది నవంబరు 6న మా కోనసీమని తుపాను ఊడ్చేసింది. నేనప్పుడు ఏడో తరగతి. ఇదే పుంత మీద కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడుంటే, మా నాన్నా, మా పెదనాన్నలూ గొడ్డళ్ళతో నరుక్కుంటూ దారి చేశారు. ఆ దారికి ప్రారంభోత్సవం జరగలేదు. జరిగుంటే బాగుండునని కూడా ఎవరికీ తోచలేదు, ఆకలి మీదున్నారు గదా.

సరే, అసలు సంగతి. ఊరి నుంచి వెళ్ళి పట్నంలో స్థిరపడినవాళ్ళు కొందరు ఓ చిన్న ట్రస్టు పెట్టుకున్నారు. పుంత బాగుచేసుకుంటామని అర్జీ పెడితే 25 వేలిచ్చారు. వినడానికి మీకు నవ్వొస్తుంది. మిమ్మల్ని చెక్కినాయన చెప్పినదాని ప్రకారం ఒక్క మీ ఖరీదే 18 వేలు. పైగా వాళ్ళో మెలిక పెట్టారు: 15 వేలు ఇప్పుడు, మిగతా 10 వానాకాలం వెళ్ళాక, బాట ఇంకా ఉంటే. ఈ మాట విని మేం నొచ్చుకున్నాం. తర్వాత మీ వైపు చూసి నోరుమూసుకున్నాం.

15 వేలకి ఏమొచ్చిందంటే: గడ్డి కోసే పెట్రోలు మిషను, సెకండ్‌హ్యాండు, 7 వేలు. సిమెంటు గొట్టాలు రెండు, 2,400. గ్రావెలు ఒక ట్రాక్టరు, 3,500. పారలు నాలుగు, 1,400. మిగిలిన 700 టీలకి. అవి మూడో ఆదివారానికే అయిపోయాయి, అప్పటినుంచీ బడ్డీకొట్లో మా పేరున ఖాతా నడుస్తోంది. గాలికి పడిపోయిన రెండు తాటి దుంగలు ఓ రైతుగారు ఊరికే ఇచ్చారు. లెక్కలో చూపించాలి, ఓ కాగితం రాసివ్వండని అడిగితే, "దుంగకి కాయితమేటండీ? దుంగే ఉంది గదా, సూపించండి" అన్నారు. ఫోటో తీసి పంపాం. ట్రస్టువాళ్ళు ఒప్పుకున్నారు. చిన్న డబ్బులో ఉన్న సుఖం అదే. ఇచ్చినవాడు వచ్చి దుంగ మీద నిలబడి చూసుకోగలడు.

ఏప్రిల్లో కాలువలకి నీళ్ళు ఆపేశాక పని మొదలెట్టాం, జూన్లో మళ్ళీ నీళ్ళు వదిలేలోగా అవ్వాలని. మొదటి ఆదివారం నలభై మంది వచ్చారు. అందులో పార పట్టినవాళ్ళెందరో, పారతో ఫోటో దిగినవాళ్ళెందరో నేను చెప్పను, నా ఫోటో కూడా తిరుగుతోంది. రెండో ఆదివారం పద్దెనిమిది మంది. మూడో ఆదివారం ఐదుగురం. ఆ ఐదుగురమే ఇప్పటికీ ఐదుగురం. కాబట్టి పేరు మీద మోజు మీకొక్కరికే ఉందని మేం అనటం లేదు.

మాకో గురువు కావాల్సొచ్చి పుస్తకాల మీద పడ్డాం. 1988లో మొదలైన ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసిక్లింగ్ అసోసియేషన్ అని ఒకటుంది. బాటలెలా వెయ్యాలో వాళ్ళు సూత్రాలు రాశారు. అందులో ఒకటి: బాట వాలు, అది పోయే కొండ వాలులో సగం దాటకూడదు. మా ఊళ్ళో కొండ వాలు సున్నా. సగం కట్టి చూశాం, అదీ సున్నాయే వచ్చింది. ఇంకొకటి పనికొచ్చింది: బాటని పక్కకి నూటికి ఐదు పాళ్ళు వాల్చాలి, నీళ్ళు దాని మీద నడవకుండా అడ్డంగా దాటిపోవాలి. అంటే మీటరు వెడల్పుకి ఐదు సెంటీమీటర్లు, మన లెక్కలో మూడు వేళ్ళు.

ఆ మూడు వేళ్ళ విలువ మాకు తెలిసింది పుస్తకంలో కాదు. కళ్ళం దగ్గర మలుపులో ఓ గుంట ఉండేది, నిలబడితే పిక్కల దాకా. మూడుసార్లు మట్టి పోసి పూడ్చాం. మేలో ఎండాకాలం వాన కురిసినప్పుడల్లా అది మళ్ళీ పాకం పట్టిన బెల్లంలా తయారయ్యేది. నాలుగోసారి తట్టలు మోస్తుంటే గట్టు మీద గేదెని పట్టుకు నిలబడ్డ పెద్దాయన ఒకరు నవ్వారు.

"ఒరే అబ్బాయిలూ, గుంట పూడిత్తే నీళ్ళు సచ్చిపోతాయనుకున్నార్రా? పక్కకి జరుగుతాయంతే. ముందు నీటికి దారియ్యండి. సైకిలుకి దారి అదే వత్తాది."

"ఆయ్, ఎక్కడ తవ్వమంటారు తాతగారూ?" అన్నాం.

ఆయన గేదె తాడు మా కుర్రాడి చేతికిచ్చి, పార తీసుకుని, బోదె వైపు అంచున జానెడు వెడల్పున గండి పెట్టారు. మొదట ఏమీ కాలేదు. నీళ్ళ మీద తేలుతున్న గడ్డిపరక ఒకటి మెల్లగా తలతిప్పింది. తర్వాత దాని వెనకే ఇంకో రెండు పరకలు కదిలాయి. గండి అంచున మట్టి కరిగి జారింది, నురగ కట్టింది, ఓ నత్తగుల్ల దొర్లుకుంటూ వచ్చి గండి దాటి బోదెలో 'టప్' మని పడింది. పది నిమిషాల్లో గుంట అడుగు కనిపించింది. ఆ గండిలో ఒక సిమెంటు గొట్టం పెట్టి, పైన కొబ్బరి డొక్కలు పరిచి, గ్రావెలు పోసి, దిమ్మిసతో కొట్టాం. 1,200 రూపాయల గొట్టం. ఆ వానాకాలమంతా మలుపు నిలబడింది. మిగతా 10 వేలూ వచ్చాయి.

అమెరికాలో ఈ పనికి పద్ధతుంది. బాటలకని సర్కారు నిధి ఉంటుంది, మామూలుగా నూటికి ఎనభై దాకా అది ఇస్తుంది. మిగతా వాటా స్థానికులు వేసుకోవాలి. ఆ వాటాలో వాలంటీర్ల చెమటని కూడా జమ కట్టుకోవచ్చు. గంట చెమట విలువెంతో ఇండిపెండెంట్ సెక్టార్ అనే సంస్థ ఏటా ప్రకటిస్తుంది, 2023కి 33.49 డాలర్లన్నారు. ఈ లెక్కన మా ఐదుగురూ ఒక్క ఆదివారం నాలుగు గంటలు పార పడితే మీలాంటి వాళ్ళని ముగ్గుర్ని చెక్కించవచ్చు. మా దగ్గర గంట విలువ ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి పెసరట్టు ఒకటి, టీ ఒకటి.

అలాగని ఇదేదో పరాయి విద్య కాదు. బ్రిటిషువాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీలో కుడిమరామత్తు అని ఉండేది, కాలువలూ చెరువులూ ఊరివాళ్ళే బాగుచేసుకునేవారు. గట్టు తెగేలా ఉంటే జనం పనికి రావాల్సిందేనని 1858లో చట్టమే చేశారు. అప్పుడు రాకపోతే శిక్ష. ఇప్పుడు మేం మాకై మేం వస్తుంటే, ఎవర్నడిగి చేస్తున్నారని అడిగేవాళ్ళున్నారు.

తమరికో సందేహం రావచ్చు: కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు లేవా అని. ఉన్నాయండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. పొలాలకి నీళ్ళు ముందొచ్చాయి, రాయి తర్వాతొచ్చింది. 1909లో పోయిన డొక్కా సీతమ్మగారి పేరు గన్నవరం అక్విడక్టుకి, అంటే కాలువని ఏరు దాటించే వంతెనకి, పెట్టారు, మన కాలంలో. ఆవిడ అన్నం పెట్టిన రోజుల్లో వరండాలో ఫలకం లేదు, విస్తళ్ళున్నాయి. తమరి విషయంలో వరస కొంచెం తిరగబడిందని మా మనవి.

ఇందులో మీ తప్పేం లేదు, మీ కులానికి సర్కారు నిబంధనల అండ కూడా ఉంది. 1993లో వచ్చిన ఎంపీ నిధుల పథకం నిబంధనలు చూడండి, పని దగ్గర శాశ్వతంగా ఫలకం పెట్టాలనే ఉంటుంది. ఖర్చెంత, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పూర్తయింది, అన్నీ దాని మీద రాయాలి. మంచి ఉద్దేశమే, జనానికి లెక్క తెలియాలని. అదే నిబంధనల్లో, పూర్తయిన పనిని ఎవరు సంభాళిస్తారో ముందే మాట తీసుకోమనీ ఉంటుంది. మీరు ఏ పథకం బిడ్డలో మాకు తెలియదు గానీ, ఆ రెండో మాట మాత్రం మీ మీద చెక్కడానికి చోటు చాలినట్టు లేదు. పదకొండు పేర్లాయె.

మీ కష్టాలు మేమెరగమని కాదు. ఎన్నికల కోడ్ వస్తే మీ మొహానికి పేపర్లంటిస్తారు. కోడ్ ఎత్తేశాక ఎవరూ పీకరు, వానకి వాటంతట అవే ఊడాలి. మొన్నటి ఎన్నికల పేపరు ముక్క ఒకటి ఇంకా మీ ఎడమ మూల అంటుకునుంది. మీ మీద గేదె వీపు గోక్కుంటుంది, కుర్రాళ్ళు సైకిలు ఆనిస్తారు. కార్తీకమాసంలో ఎవరో మీ ముందు దీపం పెట్టారు కూడా, చీకట్లో ఏ దేవుడనుకున్నారో. ఏడేళ్ళుగా నిలబడి నిలబడి కాళ్ళు పీకుతుంటాయి.

అందుకే ఈ విన్నపం. పుంత మధ్యలో బోదె దాటే చోట వేసిన తాటి దుంగల్లో ఒకటి చెదలు పట్టి చీలిపోయింది. పోయిన వారం మా కుర్రాడి ముందు చక్రం ఆ సందులో ఇరుక్కుని వాడు నేరుగా గుర్రపుడెక్కలోకి వెళ్ళాడు. దెబ్బలేం తగల్లేదు, ఇంటికెళ్ళాక వాళ్ళమ్మ వేసినవి తప్ప. 10 వేలలో మిగిలింది 900. కొత్త దుంగలకి చాలదు, ఈసారి గాలికి చెట్లేవీ పడలేదు.

బోదె వెడల్పు కొలిచాం: రెండున్నర అడుగులు. తమరి పొడవు నాలుగు. చెరో పక్కా తొమ్మిదేసి అంగుళాలు గట్టు మీద ఆనుతుంది. మందం ఎలాగూ ఉంది. పేర్లున్న వైపు కిందికి ఉంచుతాం, ఎండా వానా తగలవు, కోడ్ వచ్చినా పేపరంటించే పని ఉండదు. వేసవిలో బోదె ఎండినప్పుడు దిగి తలెత్తి చూస్తే పదకొండు పేర్లూ వరసగా చదువుకోవచ్చు, ఆఖరాయనదీను. పై వైపు మీ వీపు. వెళ్ళి తడిమి చూశాం. ముందువైపులా పాలిష్ పట్టలేదు, గరుగ్గా ఉంది. తడిలో కూడా టైరు జారదు.

ఇట్లు,
బడ్డీకొట్టు ఖాతాలో 460 బాకీ ఉన్న ఐదుగురిలో ఒకడు