సవరణ: తిండి, గది కోసం చేసిన పొలం పని 88 రోజుల లెక్కలోకి రాదు

ఆస్ట్రేలియాలో ఓ మారుమూల పొలంలో గడిపిన రోజుల గురించి నేను రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. జీతం లేకుండా, తిండికీ గదికీ బదులుగా చేసిన పని కూడా రెండోసారి వర్క్ అండ్ హాలిడే వీసా (అక్కడ తిరుగుతూ పని కూడా చేసుకోనిచ్చే వీసా) పొందడానికి కావాల్సిన 88 రోజుల పనిలో కలుస్తుందని రాశాను. కలవదు. వర్కింగ్ హాలిడే అనే మరో వీసాకు ఒకప్పుడు కలిసేది. 2015 డిసెంబర్ 1 నుంచి దానికి కూడా జీతం ఇచ్చిన పనినే లెక్కలోకి తీసుకుంటున్నారు. నేను విన్నది పాత సంగతి, సరిచూసుకోకుండా రాసేశాను. క్షమించండి.

2024 నుంచి మన దేశం వాళ్లకు కూడా లాటరీ పద్ధతిలో ఏటా 1,000 వరకు ఈ వీసాలు ఇస్తున్నారు కాబట్టి ఇది చిన్న తప్పు కాదు. మూడు నెలలు ఎండలో కలుపు తీసి, కంచెలు బాగుచేసి, చివరికి ఆ రోజులు చెల్లవని తెలిస్తే ఎంత బాధ! పనిలో చేరే ముందే జీతం ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి, పే స్లిప్పులన్నీ దాచుకోండి. అన్ని పనులూ, అన్ని ప్రాంతాలూ కూడా లెక్కలోకి రావు. ఆ ఊరి పోస్ట్‌కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) లెక్కలోకి వచ్చే ప్రాంతాల్లో ఉందో లేదో ముందే చూసుకోండి.

పొలం గురించి, ఆ ఇంటివాళ్ల ఆదరణ గురించి రాసిందంతా అలాగే ఉంచాను. అందులో మార్చాల్సిందేమీ లేదు.