గ్రాంటుకు ముందు గుమాస్తా కావాలి

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి అమెరికాలోని మన సంఘం సభ్యులకు వచ్చే ఫోన్లలో ఈ మధ్య కొత్త మాట వినిపిస్తోంది. ఇదివరకు పిల్లల చదువుకో, ఆస్పత్రి ఖర్చుకో, గుడి చందాకో అడిగేవారు. ఇప్పుడు "అన్నా, మా సంస్థకు గ్రాంట్ ఏదైనా ఉంటే చూడన్నా", "అక్కా, చిన్న మిల్లు పెట్టుకుందామని ఉంది, ఎక్కడైనా ఫండ్ వస్తుందా?" అంటున్నారు. నాకు ఇది చాలా సంతోషం కలిగించే మార్పు. అడిగేవాళ్లు ఏదో ఒకటి సొంతంగా నిలబెట్టాలని చూస్తున్నారు. మన జవాబు మాత్రం పాతదే. తెలిసినవాళ్ల దగ్గర కొన్ని వందల డాలర్లు పోగుచేసి పంపి, ఒక ఫొటో తెప్పించుకుని ఊరుకుంటాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన జిల్లాల్లో చిన్న సంస్థలు, చిన్న వ్యాపారాలు ఆగిపోతున్నది ఎక్కువగా కాగితం దగ్గర. ప్రభుత్వ పథకాల్లో డబ్బు ఉంది, కంపెనీలు లాభంలోంచి సమాజం కోసం ఖర్చు పెట్టే సీఎస్ఆర్ ఖాతాల్లో డబ్బు ఉంది. అక్కడికి లెక్కలు పట్టుకుని వెళ్లి, అడగాల్సిన పద్ధతిలో అడిగే మనిషి లేడు. మన సంఘం ముందుగా ఆ మనిషికి జీతం ఇవ్వాలి.

వ్యాపారం సంగతి ముందు చూద్దాం. గ్రాంట్ అనగానే చాలామంది చేతికొచ్చే చెక్కు అనుకుంటారు. చిన్న వ్యాపారానికి మన దేశంలో దొరికేది చాలావరకు బ్యాంకు రుణంతో ముడిపడిన సబ్సిడీ. అందరూ పీఎంఈజీపీ అని పిలిచే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకాన్నే తీసుకోండి. అది 2008 నుంచి ఉంది. తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా, సేవల యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. ఉరవకొండ దగ్గర ఒక పల్లెలో ఒకావిడ 10 లక్షలతో వేరుశనగ చిక్కీల యూనిట్ పెడుతుందనుకుందాం. ఆమె సొంతంగా పెట్టాల్సింది 5 శాతం, అంటే 50 వేలు. మిగిలిన తొమ్మిదిన్నర లక్షలు బ్యాంకు ఇవ్వాలి. మహిళ కాబట్టి, పెట్టేది పల్లెలో కాబట్టి 35 శాతం, అంటే మూడున్నర లక్షలు సబ్సిడీ. అయితే ఆ మూడున్నర లక్షలు ఆమె చేతికి రావు. రుణం ఇచ్చిన బ్యాంకులోనే ఆమె పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటాయి. ఆ డిపాజిట్‌కు వడ్డీ రాదు, రుణంలో అంత మేరకు వడ్డీ పడదు. యూనిట్ సక్రమంగా నడుస్తుంటే మూడేళ్ల తర్వాత అది రుణంలో జమ అవుతుంది.

ఈ సంగతి ముందే తెలిసిన మనిషికి ఇది చాలా మంచి పథకం. తెలియనివాళ్లు సబ్సిడీ రాగానే మిషన్ బాకీ తీర్చేద్దామని లెక్క వేసుకుని మొదటి ఏడాదిలోనే ఇరుక్కుంటారు. పైగా, ఇదివరకే ప్రభుత్వ పథకం కింద పెట్టిన కొన్ని యూనిట్ల విస్తరణకు తప్ప, ఇది కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్న నూనె గానుగకో, పచ్చళ్ల తయారీకో దీని కింద దరఖాస్తు చేసి ఎదురుచూస్తే ఆ నెలలన్నీ వృథా. ఆహార తయారీ అయితే 2020లో చిన్న ఆహార యూనిట్ల కోసం మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ చూసుకోవాలి. ఉన్న యూనిట్‌ను పెంచుకోవడానికి కూడా అందులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ ఉంది. ఆహార తయారీ చేసే పొదుపు సంఘాల సభ్యులకు మనిషికి 40 వేల దాకా సీడ్ క్యాపిటల్, అంటే తొలి పెట్టుబడి సాయం, వేరు. పథకాల గడువులు, నిబంధనలు బడ్జెట్‌ను బట్టి మారుతుంటాయి. అందుకే ఎప్పటికప్పుడు పోర్టల్ చూసి చెప్పేవాళ్లు దగ్గరలో ఉండాలి.

దగ్గరలో ఎవరూ లేకపోతే ఆ ఖాళీలోకి దళారి వస్తాడు. పీఎంఈజీపీ దరఖాస్తుకు ఫీజు లేదు, ప్రభుత్వం దగ్గర చిన్న వ్యాపారాన్ని నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కూ లేదు. అయినా ఆ రెండింటికీ డబ్బు కట్టినవాళ్లు నాకు తెలుసు. ఆదోని వైపు ఒక కుర్రాడు ప్రాజెక్టు రిపోర్ట్ రాయించుకోవడానికి అప్పు చేసి మరీ ఇచ్చాడు. చేతికొచ్చింది ఎక్కడో కోస్తా జిల్లాలో ఇంకెవరికో రాసిన రిపోర్ట్. అందులో యూనిట్‌కు కాలువ నీళ్లు ఏడాది పొడుగునా ఉంటాయని ఉంది. "నీ ఊళ్లో కాలువ ఎక్కడుంది బాబూ?" అని బ్యాంకు మేనేజర్ అడిగాడట. ఆ ఒక్క ప్రశ్నతో ఫైలు పక్కకు పోయింది. కుర్రాడికి పని వచ్చు, మార్కెట్ తెలుసు. రిపోర్ట్ అతని ఊరిని చూసి రాసి ఉంటే సరిపోయేది.

స్వచ్ఛంద సంస్థల కథ ఇంకొంచెం కష్టం. కంపెనీల చట్టం 2013 ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతుంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ, ఓర్వకల్లు వైపు సోలార్ పార్కు మనవాళ్ల కళ్ల ముందే ఉన్నాయి. కానీ సీఎస్ఆర్ డబ్బు తీసుకోవాలంటే సంస్థకు 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను మినహాయింపు నమోదులు ఉండాలి, మూడేళ్లు పనిచేసిన రికార్డు ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. ఇవన్నీ ఉన్నా కంపెనీవాళ్లు ఆడిట్ రిపోర్టులు, కమిటీ తీర్మానాలు, పోయినసారి ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. ఎవరి డబ్బుకైనా లెక్క చెప్పాలి కదా.

అనంతపురం జిల్లాలో వికలాంగ పిల్లలకు వసతితో బడి నడిపే ఒక చిన్న సంస్థకు వెళ్లాను. పిల్లలు శుభ్రంగా ఉన్నారు, ఫిజియోథెరపీ క్రమం తప్పకుండా జరుగుతోంది, వంట నేను తిని చూశాను. బీరువా తెరిస్తే మాత్రం వోచర్లు అట్టపెట్టెలో కుప్పగా ఉన్నాయి. ఊళ్లోవాళ్లు బియ్యం బస్తాలు ఇచ్చారు, రసీదు రాయలేదు. రెండేళ్ల ఆడిట్ పెండింగ్. "పిల్లల్ని చూసుకోమంటారా సార్, పుస్తకాలు రాసుకోమంటారా?" అని అడిగింది ఆ సంస్థ నడిపే ఆవిడ. పగలూ రాత్రీ పిల్లలతో ఉండే మనిషికి పుస్తకాలు రాయడం కుదరదు. ఇంకొకరిని పెట్టుకుందామంటే జీతం ఇచ్చే దాత లేడు. గదికి, ఫ్యాన్లకు, వాటర్ ప్లాంట్‌కు దాతలు ఉన్నారు. అకౌంటెంట్‌కు ఒక్కరూ లేరు. ఆ బడిలో గోడల మీద ఉన్న దాతల పేర్లలో మన సంఘం వాళ్ల పేర్లూ ఉన్నాయి.

జీతాలకు డబ్బు ఇవ్వడం వృథా ఖర్చు అనే భావన మనలో బలంగా ఉంది. మన ప్రాంత చరిత్ర అలా చెప్పదు. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి యూఎన్‌డీపీ సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం ఉమ్మడి రాష్ట్రంలో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వచ్చింది. అందులో అసలు పని మనుషులను పెట్టి ఊరూరా మహిళలను సంఘాలుగా కూర్చోబెట్టడం. ఓర్వకల్లు పొదుపు సంఘాలు అలా బలపడ్డాయి, వాళ్లను చూడటానికి దేశదేశాల నుంచి వచ్చారు. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో మొదలైన పేదరిక నిర్మూలన పథకం వెలుగు ఆ అనుభవం మీదే నిలబడింది. పొదుపు సంఘాల పంచసూత్రాలు మన అమ్మలకు, అత్తలకు కంఠతా వచ్చు: సమావేశం, పొదుపు, అప్పు ఇవ్వడం, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. చదువు రానివాళ్లు కూడా పుస్తకాలు రాసేందుకు మనిషిని పెట్టుకుని బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు రుణం, తెచ్చుకున్నారు. 2020లో కేంద్రం తెచ్చిన రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకమూ అదే బాటలో ఉంది. ఒక్కో సంస్థకు మూడేళ్లలో 18 లక్షల దాకా ఇచ్చే నిర్వహణ సాయంలో సీఈఓ జీతం, అకౌంటెంట్ జీతం ఉన్నాయి. ప్రభుత్వం ఒప్పుకున్న ఖర్చును మనం ఎందుకు తప్పుబట్టాలి?

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గురించీ చెప్పాలి. ఆయన స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీకి స్పెయిన్‌లో లక్షకు పైగా మామూలు మనుషులు నెలనెలా కొంచెం కొంచెం పంపుతూ వచ్చారు. ఆ సంస్థ నడిపే బత్తలపల్లి ఆస్పత్రి మన కళ్ల ముందే ఉంది. తెలుగు ఒక్క ముక్క రాని వాళ్లు అంత నమ్మకంతో ఇన్నేళ్లు ఇచ్చారంటే, ఇక్కడ ప్రతి రూపాయికీ లెక్క చూపించే యంత్రాంగం ఉండబట్టే.

ఇక మన డబ్బు సంగతి. దీని గురించి మన సభల్లో స్పష్టంగా మాట్లాడుకోవడం లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, మన పుట్టిన ఊరిని చూడదు, పాస్‌పోర్టును చూస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న సభ్యుడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అదే ఇంట్లో భార్య అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆమె ఇచ్చేది విదేశీ విరాళం. సంఘం ఖాతా నుంచి పంపేదీ అంతే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ ఆ డబ్బు తీసుకుంటే చిక్కుల్లో పడేది మనం కాదు, పాపం అక్కడ పనిచేసేవాళ్లు. ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకు కనీసం మూడేళ్ల వయసుండాలి, గత మూడేళ్లలో అసలు పనిమీద 15 లక్షలైనా ఖర్చు చేసి ఉండాలి. చిన్న సంస్థలకు ఇది పెద్ద గడప.

2020 సెప్టెంబరు సవరణ తర్వాత ఇంకో మూడు మార్పులు వచ్చాయి. విదేశీ విరాళం మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అందులో పరిపాలన ఖర్చులకు 20 శాతం దాటకూడదు, ఇదివరకు 50 శాతం ఉండేది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఈ మూడోది మనకు చాలా ముఖ్యం. "రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థకు ఇద్దాం, వాళ్లే చిన్నవాళ్లకు పంచుతారు" అని మన సమావేశాల్లో ఇంకా వినిపిస్తోంది. ఆ దారి మూసుకుపోయింది.

అయితే ఇందులోనే మనకు ఒక వెసులుబాటు ఉంది. ఆ 20 శాతం పరిమితి విదేశీ విరాళానికే. భారత పాస్‌పోర్టు ఉన్న మన సభ్యులు సొంతంగా ఇచ్చే రూపాయలకు అది వర్తించదు. మన సంఘంలో హెచ్‌1బీ మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్న యువ కుటుంబాలు బోలెడు. వాళ్ల ఎన్‌ఆర్‌ఈ ఖాతాల నుంచి వచ్చే చిన్న మొత్తాలతో అకౌంటెంట్ జీతం, ఆడిట్ ఫీజు, ఆఫీసు అద్దె నడపవచ్చు. తీసుకునే సంస్థ ప్రతి దాత పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టుకుంటే రేపు ఎవరు అడిగినా జవాబు ఉంటుంది. పౌరసత్వం మారిన సభ్యుల డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థల కార్యక్రమాలకు నేరుగా వెళ్లాలి. వాళ్లు పనిచేసే కంపెనీల్లో మ్యాచింగ్ గిఫ్ట్, అంటే ఉద్యోగి విరాళానికి కంపెనీ జోడించే విరాళం, ఉంటే అదీ అడగాలి. ఆ ఫారం నింపడానికి బద్ధకించి వదిలేసేవాళ్లు మనలో చాలామంది.

నా ప్రతిపాదన ఇది. అనంతపురంలోనో, కర్నూలులోనో ఒక సహాయ కేంద్రం పెడదాం. ఇప్పటికే పేరున్న స్థానిక ట్రస్టు కింద ఒక అకౌంటెంట్, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ప్రపోజల్ రాయగల మరొకరు, నెలకు కొన్ని గంటలు ఒక సీఏ. అది ఎవరికీ డబ్బు పంచదు. పుస్తకాలు సరిచేస్తుంది, ఆడిట్ చేయిస్తుంది, దర్పణ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో సంస్థల నమోదు, సీఎస్ఆర్-1, 80జీ రెన్యూవల్ గడువులు చూస్తుంది. వ్యాపారం పెట్టుకునేవాళ్లకు వాళ్ల ఊరిని చూసి ప్రాజెక్టు రిపోర్ట్ రాస్తుంది, బ్యాంకుకు తోడు వెళ్తుంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఏ ఆఫీసు ఎక్కడుందో తెలియక తిరిగేవాళ్లకు దారి చెప్పేవాళ్లు దొరుకుతారు. వాన రాకముందే చెరువు కట్ట బాగుచేసుకోవాలని సీమలో పిల్లలకు కూడా తెలుసు. సీఎస్ఆర్ ప్రకటన వెలువడ్డాక ఆడిట్ మొదలుపెడితే అందదు.

దీనికి అభ్యంతరాలు వస్తాయి. ఫొటో రాదు, శిలాఫలకం ఉండదు, మా ఊరికి ఏం చేశారని కొందరు అడుగుతారు. వసతి గది కడితే పది మందికి కనిపిస్తుందన్న మాటలో నిజం ఉంది, ఆ కోరికను నేను తక్కువ చేయడం లేదు. కానీ కట్టిన గదికి కరెంటు బిల్లు ఎవరు కడతారన్న ప్రశ్న ఏడాది తిరక్కుండానే మళ్లీ మన దగ్గరికే వస్తోంది. మన దీపావళి వేడుకలో ఒక్క సాయంత్రం సౌండుకు, లైట్లకు పెట్టే ఖర్చుతో అనంతపురంలో ఒక అకౌంటెంట్‌ను చాలా నెలలు నిలబెట్టవచ్చు.

వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో దీన్ని చేర్చమని కోరుతున్నాను. మొదటి ఏడాది పది సంస్థలు చాలు. వాటిలో సగం మహిళల ఉత్పత్తి సంఘాలు, చిన్న యూనిట్లు కావాలని నా పట్టుదల. సభ్యుల్లో ఆడిట్, బ్యాంకింగ్, పన్నుల పని తెలిసినవాళ్లు వారానికి ఒక గంట ఇవ్వగలిగితే పేర్లు ఇప్పుడే ఇవ్వండి. ఏడాది చివర ఈ కేంద్రాన్ని ఎంత గ్రాంట్ తెచ్చారని అడగవద్దు. ఎన్ని సంస్థల ఆడిట్ పూర్తయింది, ఎన్ని రిటర్నులు గడువులోపు దాఖలయ్యాయి, ఎంతమంది బ్యాంకు మేనేజర్ ముందు తమ ప్రాజెక్టు రిపోర్ట్‌ను తామే వివరించగలిగారు అని అడుగుదాం.